నూతి మీద చాప

నేను ఒక చాపను. ఈ మాట వినగానే మీరు కాళ్ళు బారజాపుకోవడానికి సిద్ధమవుతారని నాకు తెలుసు. కాస్త ఆగండి. నా మీద ఇంతవరకు ఏ మనిషీ నడుం వాల్చలేదు. చెట్లు కొట్టే చోటికి క్రేన్లు, పొక్లెయిన్లు వెళ్ళేటప్పుడు చక్రాలు మెత్తటి నేలలో దిగబడకుండా కింద పరుస్తారే, నల్లటి దళసరి ప్లాస్టిక్ పలక, అది నేను. కాగితాల మీద నా పేరు గ్రౌండ్ మ్యాట్. మోసే కూలీలు మాత్రం మొదటి రోజు నుంచీ చాప అనే పిలిచారు. మంచమంత పొడుగు, మంచం కంటే కాస్త వెడల్పు, బొటనవేలంత మందం. చక్రం జారకుండా ఒళ్ళంతా గరుకు గీతలు. ఎత్తడానికి వీలుగా రెండు చివర్లా చేతులు దూర్చే కన్నాలు. ఇంతకు మించి నాకు అందచందాలు లేవు.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పుట్టకముందు నేను పగిలిన నీళ్ళ డ్రమ్మును, కాలు విరిగిన పెళ్ళికుర్చీని, పురుగుమందు డబ్బాను, ఇంకా పేరు గుర్తులేని పాత సామాన్లను. అందరినీ కలిపి ముక్కలు చేసి, కాచి, ఒక ఇనప అచ్చులో పోసి, పైనుంచి ప్రెస్సు దించారు. అచ్చులో ఉన్నంతసేపూ అటూ ఇటూ కదలడానికి వీల్లేదు. కళ్ళు తెరిచీ తెరవకముందే నాకు తెలిసిన మొదటి సంగతి ఇరుక్కుపోవడం. తర్వాత అలవాటైపోయిందని చెబితే అబద్ధం. అలవాటు కాలేదు. పైన బరువు, కింద బురద, మధ్యలో నేను. పని లేనప్పుడైనా సుఖపడతానా అంటే, నాలాంటి వాళ్ళని ఒకరి మీద ఒకరిని పేర్చి తాడేసి బిగిస్తారు. ఎప్పుడూ అడుగున ఉండేది నేనే. ఎందుకో నన్నడగకండి.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక తోటల కంపెనీ. గొప్పవాళ్ళ బంగళాల్లో చెట్లు కొట్టడం, పచ్చిక పెంచడం వాళ్ళ పని. అక్కడ నేను మనుషుల గురించి చాలా నేర్చుకున్నాను. మేడ మీంచి సముద్రం కనబడటం లేదని ఒకాయన నిండుగా పూసే నిద్రగన్నేరును కొట్టించాడు. చెట్టు కూలుతుంటే ఫోను చూసుకుంటూ నిలబడ్డ మనిషికి, క్రేను చక్రం చాప దాటి జానెడు పక్కకు రాగానే గుండె ఆగినంత పనైంది. పచ్చిక నలిగిపోతుందట. ఆ పచ్చిక వేసి అప్పటికి నెల కూడా కాలేదు. నన్ను కొన్నది కూడా ఆ గడ్డిని కాపాడటానికే. సరే, నాకెందుకు? మోయమన్నది మోశాను.

కొన్నాళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. సామాన్లన్నీ తలో దిక్కూ పోయాయి. నన్నూ, నాతో ఉన్న మరో అయిదుగురినీ సామర్లకోట నుంచి వచ్చిన నూకరాజు కొనుక్కున్నాడు. అతనికి సొంత హైడ్రా ఉంది. హైడ్రా అంటే ముందుకు చాచిన పొడుగాటి చెయ్యి ఉండే పసుపుపచ్చ క్రేను. ఏది ఎత్తినా ఆ బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, అంటే మా మీదికి.

నూకరాజు మంచి పనివాడు. భయస్తుడు కూడా. ఒకసారి కాలవగట్టున హైడ్రా ఒరిగి, క్యాబిన్ తలుపు మట్టిలో దిగబడి, ఇంకో బండి వచ్చి లాగేదాకా లోపలే ఉండిపోయాడట. ఆ రోజు నుంచి అతనికి మెత్తటి నేల చూస్తే చెమటలు పడతాయి. అందుకే మమ్మల్ని కొన్నాడు. పని అయ్యాక మా మీద బురద తనే కడిగేవాడు. చెట్టెక్కి రంపం పట్టే ఏసుపాదం అది చూసి నవ్వేవాడు. "ఏంటి బావా, పిల్లలకి నీళ్ళోసినట్టు పోస్తన్నావు" అనేవాడు. నూకరాజు చెయ్యి ఇంకా మెత్తగా పడేది. ఇరుక్కోవడమంటే ఏమిటో తెలిసిన మనిషి దొరికాడని నాకు అతనంటే ఇష్టం ఏర్పడింది. ఇది నేరుగానే చెబుతున్నాను, ప్లాస్టిక్కుకి ఇష్టాలేమిటని మీరు నవ్వినా సరే.

అలాంటి నూకరాజుకు ఒక వానాకాలం సీతారత్నం గారింట్లో నేరేడుచెట్టు కొట్టే పని వచ్చింది.

సీతారత్నం గారు మిషను కుట్టి బతికిన మనిషి. మోకాళ్ళు అరిగేదాకా తొక్కింది. భర్త పోయాక ఆ పడమటి ముఖం ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పిఠాపురంలో ఆవిడ చెల్లెలు వేణికి చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. ఈ ఇల్లు అమ్మి, అక్కడో చిన్న ఫ్లాటు కొనుక్కుని, చెల్లెలి దగ్గర ఉండిపోవాలని ఆవిడ కోరిక. అంతకు మించి ఆవిడ దేవుణ్ణి ఏమీ అడగలేదు. కాని ఇల్లు అమ్ముడుపోలేదు. కారణం నుయ్యి.

పెరడు ఇంటికి తూర్పున ఉంటుంది. ఆ పెరట్లో ఆగ్నేయం మూల, అగ్నిదేవుడు ఉండవలసిన చోట, నుయ్యి ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఇల్లంతా చూసి, బాగుంది బాగుంది అంటూ పెరట్లోకి వచ్చి, నుయ్యి చూసి నాలిక కరుచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఆ ఇంటివాళ్ళ దాహం తీర్చింది ఆ నీళ్ళే, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట చెప్పినా వినేవాళ్ళేరి? చివరికి పూడ్చేద్దామని ఆవిడ ట్రాక్టరు మట్టి తోలించింది. తట్ట ఎత్తేసరికి చేతులాడలేదు. ఊరుతున్న నీళ్ళని పూడ్చకూడదని అత్తగారు పోయేముందు ఒట్టు వేయించుకుందట. అందుకని పూడ్చలేదు, ఉంచనూ లేదు. గట్టు పడగొట్టించి, నోటి మీద కడప బండలు పరిపించి, వాటి మీద అడుగు మందాన మట్టి పోయించి, బంతినారు నాటింది. రెండు వానలు పడేసరికి అక్కడ నుయ్యి ఉండేదని బ్రహ్మదేవుడికి కూడా తెలియనంతగా మొక్కలు ఎదిగాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజుకు తెలియదు.

ఆ తర్వాత వచ్చిన గోవిందరాజులు అనే బియ్యం వ్యాపారికి ఇల్లు నచ్చింది. ఆయన వెంట వచ్చిన సిద్ధాంతిగారు దిక్సూచి పట్టుకుని పెరడంతా తిరిగి ఒక్కటే లోపం పట్టారు. ఈశాన్యం మూల నేరేడుచెట్టు ఉంది. ఈశాన్యంలో బరువు కూడదు. చెట్టు తీయిస్తే అడ్వాన్సు ఇస్తామన్నారు. చెట్టు పక్కనే పొరుగింటి పెంకులు, ఇటువైపు సీతారత్నం గారు మిషను పెట్టుకున్న రేకుల వసారా. ఊరికే నరికితే ఎటు పడుతుందో చెప్పలేం. అందుకే హైడ్రాతో పట్టి దించాలని నూకరాజును పిలిచారు.

మేము వెళ్ళేసరికి గోవిందరాజులుగారు, సిద్ధాంతిగారు కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. నూకరాజు పెరడంతా నడిచి చూసి, చెట్టుకి దగ్గరగా నేల గట్టిగా ఉన్న చోట బండి పెడతానన్నాడు.

సిద్ధాంతిగారు కుర్చీలోంచి సగం లేచారు. "ఈశాన్యంలో బరువు పెడతావేమిటయ్యా? ఆ బరువు తీయించడానికేగా ఈ పనంతా. అటు ఆగ్నేయం వేపు పెట్టుకో."

"గంట పనేనండి" అన్నాడు నూకరాజు. "దూరం పెడితే చెయ్యి బాగా సాచాలండి. ముందుకి బరువొచ్చేత్తాది."

"గంటైనా దోషం దోషమే."

నూకరాజు ఇంకో మాట అనగలిగేవాడే. కాని అతని హైడ్రా ముందు కూడా నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతుంటాయి. దోషం అన్న మాట వినగానే బండిని ఆగ్నేయం వైపు తిప్పాడు. అక్కడ బంతిమొక్కలున్నాయి.

సీతారత్నం గారు వంటింటి గుమ్మంలోంచి గబగబా వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అంత వేగంగా నడవడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది. "బాబూ, బంతిమొక్కలు నలిగిపోతాయి. కాస్త పక్కకి పెట్టుకో నాయనా" అంది.

గోవిందరాజులుగారు నవ్వారు. "నలక్కుండానే కదమ్మా వాళ్ళు చాపలు తెచ్చుకున్నది. అయినా రేపు నేనక్కడ కారు షెడ్డు వేసేదే."

ఆవిడ ముఖం చూశాను. ఆ కారు షెడ్డు మాట ఆవిడకి చెంపదెబ్బలా తగిలింది. ఏసుపాదం ఒక చివర, నూకరాజు ఒక చివర పట్టుకుని నన్ను బంతిమొక్కల మీద పరిచారు. మిగతావాళ్ళని అటూ ఇటూ పరిచారు. కుడివైపు ముందు చక్రం నా వంతు.

పరిచీ పరచగానే నాకు తేడా తెలిసింది. ఎన్నో నేలల మీద పడుకున్నదాన్ని. ఇసక నేల గుచ్చుకుంటుంది, రేగడి అంటుకుంటుంది. ఈ నేల రెండూ కాదు. పైన మట్టి, కింద బండ, బండ కింద ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చల్లగా నా వీపుకు తగిలింది.

నూకరాజు ఆ రోజూ తన పద్ధతి ప్రకారం అడిగాడు. "అమ్మగారండి, ఇక్కడ కింద సెప్టిక్ ట్యాంకు గాని, సంపు గాని, పాత నుయ్యి గాని ఏవన్నా ఉన్నాయాండి? ఉంటే చెప్పేయండి. బండి బరువు పడతాదండి."

సీతారత్నం గారు గోవిందరాజులుగారి వైపు చూసింది. ఆయన వింటున్నారు.

"ఏమీ లేవు బాబూ" అంది.

మామూలుగా అయితే అతను గునపం తీసుకుని నేలంతా పొడిచి చూస్తాడు. సిద్ధాంతిగారు గడియారం చూసుకుని దుర్ముహూర్తం వచ్చేస్తోంది, కానివ్వండి, అని తొందరపెట్టడంతో గునపం బండిలోనే ఉండిపోయింది. నూకరాజు నా మీద నిలబడి మడమతో రెండుసార్లు గట్టిగా తొక్కాడు. చప్పుడులో తేడా వినబడితే ఆగిపోయేవాడు. కాని నా మందం వల్ల ఆ బోలు చప్పుడు పైకి రాలేదు. నాకు నోరు లేదు. రెండు చివర్లా కన్నాలున్నాయి గాని అవి చేతులు పెట్టుకోవడానికి. చెప్పలేను, లేవలేను, పక్కకు జరగలేను. అతనికేమో నేను కింద ఉన్నాననే ధైర్యం.

హైడ్రా నా మీదికి వచ్చింది.

మొదట్లో అంతా సవ్యంగానే జరిగింది. ఏసుపాదం చెట్టెక్కి కొమ్మలు కోశాడు. ఒక్కో కొమ్మకీ బెల్టు కట్టడం, హైడ్రా దాన్ని పట్టుకుని మెల్లగా కిందికి దించడం. ప్రతి కొమ్మకీ చక్రం నా మీద కాస్త బరువెక్కేది, తర్వాత తేలికయ్యేది. బండ మూలిగేది. నేను బిగబట్టుకునేదాన్ని. సీతారత్నం గారు బట్టలుతికే రాయి మీద కూర్చుని చెట్టును చూడటం లేదు, నన్నే చూస్తోంది. కాఫీలు కలిపి అందరికీ ఇచ్చింది గాని తను ముట్టుకోలేదు. ఒకసారి లేచి వచ్చి, "నూకరాజూ, కాసేపు బండి వెనక్కి తీసి భోంచెయ్యకూడదూ" అంది. అతను మిగిలింది మాను ఒక్కటేనని, అది దించేసి తింటానని చెప్పాడు. ఆవిడ మళ్ళీ వెళ్ళి రాయి మీద కూర్చుంది.

మాను మిగిలింది. వానకి తడిసిన నేరేడుమాను. ఏసుపాదం కిందికి దిగి మొదలు కోశాడు. బెల్టు బిగిసింది. హైడ్రా చెయ్యి బాగా సాచి, వసారా మీదుగా ఇవతలికి తేవడానికి మానును పైకెత్తింది. ఎత్తేసరికి అందరి అంచనా కంటే అది ఎక్కువ బరువుంది. వెనక చక్రాలు తేలికయ్యాయి. ఆ భారమంతా వచ్చి నా మీద పడింది.

నా కింద మొదటి బండ విరిగింది. చిన్న చప్పుడే. ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు. మట్టి ఆ సందులోంచి జారి, చాలా కిందికి వెళ్ళి, నీళ్ళలో పడింది. నేను వంగాను. నా పక్కన నలక్కుండా మిగిలిన ఒక బంతిమొక్క నిలబడ్డది నిలబడ్డట్టే నేలలోకి దిగిపోయింది. పువ్వుతో సహా. అది పోయిన చోట చిన్న చీకటి కన్నం మిగిలింది.

సీతారత్నం గారు అది చూసింది.

ఆవిడ లేచి నిలబడిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తు. ఒకవైపు గోవిందరాజులుగారు, సంచిలో అడ్వాన్సు. అవతల పిఠాపురంలో కనబడని కళ్ళతో ఫోను దగ్గర కూర్చున్న చెల్లెలు. ఇటు క్యాబిన్లో నూకరాజు. నా అంతటి మూగదానికి కూడా ఆవిడ మీద కోపం, జాలి కలిసి వచ్చాయి. చెప్పు తల్లీ, నేను చెప్పలేను, నువ్వైనా చెప్పు, అని నా ఒళ్ళంతా అరిచింది. ఆవిడ నడిచి హైడ్రా పక్కకు వచ్చింది. క్యాబిన్ అద్దం మీద అరచేత్తో కొట్టింది. అతను అద్దం జరపగానే, గొంతు పెంచకుండానే అంది.

"నూకరాజూ, నీ కింద నుయ్యుంది నాయనా."

అతనికి వెంటనే అర్థమైంది. చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. కాలవగట్టున దిగబడ్డ రోజు అతని కళ్ళలోకి వచ్చేసిందని నాకు తెలుసు. కాని దిగితే మాను గాల్లో ఉంటుంది, బండి ముందుకే తూలుతుంది, కింద ఏసుపాదం ఉన్నాడు. వెనక్కి తీయాలంటే ముందు ఆ బరువు దించాలి. దించాలంటే మాను కింద మిషను వసారా ఉంది.

"కింద మీ వసారా ఉందండి" అన్నాడు.

"పోతే పోనీ. దించెయ్."

"మిషనండి లోపల."

"దించెయ్ నాయనా. ఒరేయ్ ఏసుపాదం, నువ్వు అవతలికి పో."

నూకరాజు తలుపు మీంచి చెయ్యి తీసి లీవరు మీద వేశాడు. మెల్లగా, చాలా మెల్లగా దించాడు. నా కింద రెండో బండ కూడా విరిగింది. ఇప్పుడు నన్ను పట్టుకున్నది నూతి అంచు ఒక్కటే. అటు అంచు మీద నా తల, ఇటు అంచు మీద నా కాళ్ళు, నడుం కింద శూన్యం. విరిగిపోతానని అనుకున్నాను. చక్రం నడిమధ్యన కాకుండా ఓ పక్కన ఉండటం ఒక్కటే మా అదృష్టం. నా జీవితంలో అంత ఇరుకున ఎన్నడూ పడలేదు. పడినందుకు అంత గర్వమూ ఎన్నడూ కలగలేదు. రేకులు ముడుచుకుపోయిన చప్పుడు, కర్ర పెళపెళ, ఇనుము నేలకు కొట్టుకున్న మోత. మాను వసారా మీద పడుకుంది. చక్రం తేలికైంది. నూకరాజు బండి వెనక్కి తీశాడు. చక్రం నా మీంచి దిగుతుండగానే మిగిలిన బండలూ మట్టీ బంతిమొక్కలూ అన్నీ ఒక్కుమ్మడిగా నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. నేను నడుం వంగి, ఒక మూల నూతి ఒర కింద ఇరుక్కుని, నోటికి అడ్డంగా ఉండిపోయాను.

గట్టి నేల మీదికి వెళ్ళాక నూకరాజు దిగి గోడ నీడన కూలబడ్డాడు. బీడీ తీశాడు. ఏసుపాదం వెలిగించి ఇచ్చాడు.

"అడిగేను కదండీ" అన్నాడు నూకరాజు.

"అడిగావు నాయనా" అంది సీతారత్నం గారు. "లేదన్నాను."

ఆవిడ అతని ఎదురుగా నేల మీదే కూర్చుంది. సిద్ధాంతిగారు మాత్రం నూతి దగ్గరికి వచ్చి, దిక్సూచి తీసి, ఆగ్నేయమేనని మరోసారి సరిచూసుకున్నారు. మనిషి చావు తప్పించుకున్న చోట ఆయనకు కనబడింది అదీ. గోవిందరాజులుగారు సంచి చంకన పెట్టుకుని, మళ్ళీ మాట్లాడదాం అని చెప్పి వెళ్ళిపోయారు. అలా చెప్పి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మాట్లాడరు.

నన్ను బయటికి తీయాలని వాళ్ళు ప్రయత్నించకపోలేదు. బెల్టు కట్టి లాగితే నూతి ఒర కదిలింది. ఇంకా లాగితే నుయ్యే కూలిపోతుందని ఏసుపాదం అన్నాడు. నూకరాజు చాలాసేపు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎప్పటిలాగే నీళ్ళు తెచ్చి నా మీద బురద కడిగాడు. తర్వాత మిగతా అయిదుగురినీ బండికెక్కించుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళు వెళ్ళిన గేటు వైపు నేను ఎన్ని రోజులు చూశానో చెప్పలేను. చక్రాలు నలిపే బతుకును తిట్టుకున్నదాన్నే, అయినా రోడ్డు కోసం బెంగపడ్డాను.

కొన్నాళ్ళ తర్వాత ఏసుపాదం రంపంతో వచ్చాడు. సీతారత్నం గారు అడిగితే నా నడుం మధ్య బిందె పట్టేంత గుండ్రంగా కన్నం కోశాడు. నొప్పి సంగతి వదిలేయండి. ఆ కన్నంలోంచి మొదటిసారి నా కింద ఏముందో చూశాను. నల్లటి నీళ్ళు, వాటిలో చిన్న ముక్క ఆకాశం. ఇప్పుడు ఆవిడ చేద వేసి ఆ నీళ్ళే తోడుకుంటోంది. తాడు నా అంచుకు రాసుకుని గాడి పడింది. వసారా మళ్ళీ వేయించలేదు. విరిగిన బల్ల మీంచి మిషను తల ఒక్కటీ తీసి, తుడిచి, ఇంట్లో పెట్టుకుంది. సాయంత్రాలు నా పక్కన కూర్చుని చెల్లెలితో ఫోనులో మాట్లాడుతుంది. "అవలేదే వేణీ. వీళ్ళూ వెళ్ళిపోయారు" అంటుంది. అవతల నుంచి ఏమంటారో వినబడదు. ఈవిడ చాలాసేపు ఊఁ కొడుతూ ఉంటుంది. ఆవిడ ఈ ఇంట్లోంచి కదల్లేదు, నేను ఈ నూతి మీంచి కదల్లేను. మాలో ఎవరం ముందు విడుదలవుతామో తెలియదు.

మొన్న కూడా ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చారు. చక్కటి మనుషులు. కాళ్ళు కడుక్కుని కూర్చోబోయారు. సీతారత్నం గారు కూర్చోనివ్వలేదు. ముందు ఇటు రండి అని పెరట్లోకి తీసుకొచ్చింది. ఎవరొచ్చినా ఇప్పుడు ఆవిడ పద్ధతి ఇదే. వాళ్ళు ఏదీ అడగకముందే నా అంచు మీద నిలబడుతుంది.

"ఇక్కడ నుయ్యుంది. చూసుకోండి" అంటుంది.

అని, ఆ రోజు నూకరాజు తొక్కినట్టే, మడమతో నా మీద రెండుసార్లు తొక్కుతుంది. ఆ బోలు చప్పుడు కన్నంలోంచి పైకి వచ్చి పెరడంతా వినబడుతుంది.